స్థూపం స్థూపంగానే మిగలాలి

(ధర్మనిధి స్మారకోపన్యాసం: ముద్రిత పాఠం)



ఇంజినీరింగ్ డ్రాయింగ్ బోధనకే జీవితమంతా వెచ్చించిన గురువుగారి పేరు మీద మాట్లాడే అవకాశం రావడం నాకు దక్కిన గౌరవం. రెండు గొట్టాలు కలిసే చోట ఏర్పడే గీతను గీయమని లెక్క ఇచ్చాక ఆయన ముందుగా అడిగేది ఒక్కటే: "ఇవి ఏ జాతి తలాలు?" స్థూపమా, శంఖువా, గోళమా తేల్చి చెప్పాకే టీ-స్క్వేర్ పట్టుకోనిచ్చేవారు. జాతి తెలిస్తే పద్ధతి దానంతటదే తెలుస్తుందని ఆయన నమ్మకం. డ్రాయింగ్ బోర్డు పోయి కంప్యూటర్ తెర వచ్చింది గానీ ఆ ప్రశ్న ఎక్కడికీ పోలేదు. నేడు దానికి జవాబు చెప్పవలసిన భారం క్యాడ్ సాఫ్ట్‌వేర్‌ను నిలబెట్టే ప్రోగ్రామింగ్ లైబ్రరీల మీద పడింది.

ఈ ఉపన్యాసంలో నేను నిలబెట్టదలచిన మాట ఒక్కటే. ఉపరితలాన్ని దాచుకునే లైబ్రరీ దాని మీది బిందువులు ఎక్కడున్నాయో చెప్పగలిగితే సరిపోదు. ఆ తలం ఏ జాతిదో, దేని నుంచి పుట్టిందో కూడా గుర్తుంచుకోవాలి. ఆ జ్ఞాపకం చెరిగిన చోట గణితం తప్పకపోయినా వస్తువు తప్పుతుంది. దీనికి ఉదాహరణగా ఓపెన్ క్యాస్కేడ్ అనే లైబ్రరీని తీసుకుంటాను. ఫ్రాన్స్‌లో మాత్రా దాతావిజియోఁ సంస్థ తయారుచేసిన ఈ లైబ్రరీ 1999లో సోర్స్‌కోడ్‌తో సహా అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఫ్రీక్యాడ్ అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో చేసే రూపకల్పనలకు ఆధారం ఇదే. సర్క్యూట్ బోర్డులు గీసే కైక్యాడ్ తన త్రిమితీయ నమూనాలను బయటికి పంపేది దీని సాయంతోనే. ఎవరైనా తెరిచి చదవగలరు కాబట్టి దీన్ని ఎంచుకున్నాను.

కార్ల కంపెనీలు తెచ్చిన మలుపు

స్థూపం, శంఖువు, గోళం గ్రీకుల కాలం నుంచి తెలిసినవే. చిక్కంతా ఓడ పొట్టతో, విమానం ముక్కుతో, కారు బానెట్‌తో వచ్చింది. వాటికి సమీకరణాలు లేవు. ఓడల నిర్మాణంలో విశాలమైన గది నేల మీద పూర్తి పరిమాణంలో గీతలు గీసేవారు. వంగే చెక్క బద్దలను సీసపు బరువులతో నొక్కిపెట్టి, బద్ద ఎలా వంగితే అలా గీత గీసేవారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో రాయ్ లైమింగ్ విమాన దేహాన్ని శాంకవాల గణితంతో వర్ణించే పద్ధతిని స్థిరపరిచి, 1944లో పుస్తకంగా వెలువరించారు. గీతగా ఉన్నదాన్ని అంకెలుగా మారిస్తే ఒక ఫ్యాక్టరీ నుంచి మరో ఫ్యాక్టరీకి తేడా రాకుండా పంపవచ్చని అప్పుడు తేలింది.

1958లో సిట్రోయెన్‌లో చేరిన పాల్ ద కాస్తెల్జో మరుసటి ఏడాదికే స్వేచ్ఛావక్రాలను లెక్కగట్టే పద్ధతిని కనిపెట్టారు. కంపెనీ దాన్ని రహస్యంగా ఉంచింది. రెనోలో పనిచేసిన పియేర్ బెజియే 1960లలో వేరుగా అదే చోటికి చేరి, యూనిసర్ఫ్ అనే వ్యవస్థను నిర్మించి, తన పద్ధతిని ప్రచురించారు. అందుకే ప్రపంచం ఆ వక్రాలను బెజియే పేరుతో పిలుస్తోంది.

ఆ పద్ధతి మన ఇళ్ల ముందు మెలికల ముగ్గు వేసేవారికి వెంటనే అర్థమవుతుంది. ముందు చుక్కలు పెడతారు. గీత చుక్కల మీదుగా పోదు, వాటి చుట్టూ తిరుగుతుంది, అయినా దాని నడకను నిర్ణయించేవి చుక్కలే. బెజియే వక్రం మొదటి, చివరి చుక్కలను మాత్రమే తాకుతుంది, మధ్య చుక్కలు దాన్ని తమవైపు లాగుతాయి. ఉపరితలానికి వచ్చేసరికి ఈ చుక్కలు అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు చొప్పున 16 నియంత్రణ బిందువుల వలగా మారతాయి. ఒక బిందువును కదిపితే తలం నునుపు చెడకుండా ఉబ్బుతుంది లేదా నొక్కుకుంటుంది. సమీకరణం ఎరగని రూపశిల్పి చేతికి ఇలా గణితం చిక్కింది.

అయితే ఈ బహుపదులకు ఒక లోటుంది. వాటితో వృత్తాన్ని కచ్చితంగా గీయలేం. వృత్తం మీద నిరూపకాల వర్గాల మొత్తం స్థిరంగా ఉండాలి. రెండు బహుపదుల వర్గాలను కూడితే వాటి అత్యధిక ఘాతపదాల గుణకాలు రెండూ ధనాత్మకమే కాబట్టి ఒకదాన్నొకటి రద్దు చేసుకోలేవు. కనుక మొత్తం ఎన్నటికీ స్థిరంగా ఉండదు. ఒక బహుపదిని మరో బహుపదితో భాగించే అకరణీయ రూపానికి పోతేనే దారి దొరుకుతుంది. పావు వృత్తానికి మూడు నియంత్రణ బిందువులు చాలు, మధ్య బిందువుకు 1/√2, అంటే దాదాపు 0.7071, భారం ఇస్తే వృత్తం తు.చ. తప్పకుండా వస్తుంది. 1972లో కాక్స్, ద బోర్ వేర్వేరుగా, అనేక బహుపది ముక్కలను నునుపుగా అతికే బీ-స్ప్లైన్‌లను స్థిరంగా లెక్కించే సూత్రాన్ని అందించారు. 1975లో కెన్ వెర్స్‌ప్రిల్ అమెరికాలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో అకరణీయ బీ-స్ప్లైన్‌ల మీద పరిశోధన గ్రంథం సమర్పించారు. నేడు నర్బ్స్ అని పిలుచుకునే రూపం ఈ దారిలోనే వచ్చింది. స్వేచ్ఛాతలాలూ, వృత్తాలూ ఒకే మూసలో ఇమిడిపోయాయి. అంతా నర్బ్స్‌లోనే దాస్తే సరిపోదా అనే ప్రశ్న కూడా అక్కడే మొలకెత్తింది.

లైబ్రరీ కళ్లకు తలం

ఓపెన్ క్యాస్కేడ్‌లో అన్ని తలాలకూ మూలంగా ఒక నైరూప్య క్లాసు ఉంది. అది ఆకారాన్ని దాచదు, కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పే బాధ్యతను తన వారసుల మీద పెడుతుంది. యు, వి అనే రెండు పరామితులు ఇస్తే బిందువు ఎక్కడ? అక్కడ మొదటి అవకలనాలు ఎంత? రెండో అవకలనాలు ఎంత? పరామితుల హద్దులు ఏవి? ఏ దిశలోనైనా తలం చుట్టి వచ్చి తనను తాను కలుస్తుందా?

ఈ ప్రశ్నల్లో ఏదీ వృథా కాదు. మొదటి అవకలనాల సదిశా లబ్ధం అభిలంబాన్ని ఇస్తుంది. మిల్లింగ్ యంత్రం కట్టర్ ఏ వైపు నుంచి రావాలో దాన్ని బట్టే తెలుస్తుంది. రెండో అవకలనాలు వక్రతను ఇస్తాయి. కారు తలుపు మీద ట్యూబ్‌లైట్ ప్రతిబింబం ఒకచోట మెలిక పడినట్టు కనిపించిందంటే, అక్కడ రెండు తలాల స్పర్శతలాలు కలిశాయి గానీ వక్రత కలవలేదన్నమాట.

ఈ మూలం కింద ఒక వంశమే ఉంది. సమతలం, స్థూపం, శంఖువు, గోళం, గారె ఆకారపు టోరస్ ప్రాథమిక తలాలు. బెజియే, బీ-స్ప్లైన్ స్వేచ్ఛాతలాలు. ఒక వక్రాన్ని సరళరేఖ వెంట జరిపితే వచ్చేది ఒకటి, అక్షం చుట్టూ తిప్పితే వచ్చేది ఇంకొకటి. మరో తలం నుంచి నిర్ణీత దూరంలో నిలిచే ఆఫ్‌సెట్ తలం, దీర్ఘచతురస్రాకార హద్దులతో కత్తిరించిన తలం కూడా ఉన్నాయి. ఇన్ని జాతులను వేరువేరుగా ఉంచడానికి కారణం ఉంది. స్థూపాన్ని నిలపడానికి దాని అక్షం, దాని వ్యాసార్థం చాలు. సమతలానికి ఒక బిందువు, ఒక దిశ చాలు, అది రెండు వైపులా అనంతంగా సాగుతుంది. దాన్ని ఎక్కడ ఆపాలో చెప్పే పని తలానిది కాదు.

ఆ పని ముఖానిది. ఘనవస్తువును శీర్షాలు, అంచులు, ముఖాలుగా పేర్చి, ఏది దేనికి ఆనుకుని ఉందో ఒకచోట, వాటి వెనుక ఉన్న జ్యామితిని మరోచోట ఉంచే పద్ధతి 1970లలో కేంబ్రిడ్జ్‌లో ఇయాన్ బ్రెయిడ్, అమెరికాలో బ్రూస్ బామ్‌గార్ట్ వంటివారి పనితో నిలదొక్కుకుంది. తలం అనంతంగా సాగవచ్చు, ముఖానికి మాత్రం అంచుల కంచె ఉంటుంది. రంధ్రాన్ని కాస్త జరిపితే కంచె మారుతుంది, సమతలం సమతలంగానే ఉంటుంది. ఆకారం తెలిసినవారు ఒకరు, హద్దులు తెలిసినవారు ఒకరు అన్న ఈ పని పంపకమే పెద్ద నమూనాలను బతికిస్తోంది.

పరామితులు తెచ్చే చిక్కులు కూడా జాతిని బట్టే ఉంటాయి. గోళం ధ్రువం దగ్గర అక్షాంశం స్థిరం, రేఖాంశం ఎంత మార్చినా బిందువు కదలదు. అక్కడ యు దిశలో అవకలనం సున్నా. గుడ్డిగా సదిశా లబ్ధం వేస్తే అభిలంబం కూడా సున్నా వస్తుంది, గోళానికి అక్కడ లోపమేమీ లేకపోయినా సరే. తను గోళమని తెలిసిన తలానికి ఈ ఇబ్బందే లేదు, ఎందుకంటే కేంద్రం నుంచి బిందువుకు పోయే దిశే అభిలంబం. స్థూపం మీద కోణం పూర్తి చుట్టు తిరిగి మొదటికి వస్తుంది. కనుక మూసుకున్న స్థూపముఖం మీద ఒకే అంచు రెండుసార్లు, పరామితుల తలంలో రెండు వేర్వేరు చోట్ల, కుట్టులా కనిపిస్తుంది. దీన్ని పట్టించుకోని ప్రోగ్రాం స్థూపం ముఖాన్ని తిరగేసి చదవవచ్చు.

ఒకే మూస ఎందుకు చాలదు

అంతా నర్బ్స్‌లోనే దాచాలనే వాదానికి బలం లేకపోలేదు. ఒకే రకం తలం ఉంటే ఒకే రకం ప్రోగ్రాం రాస్తే చాలు, పరీక్షించడం సులువు. నర్బ్స్ స్థూపాన్ని కచ్చితంగా చూపగలదు కూడా. అయితే ఆ స్థూపం చుట్టుకొలత దిశలో నాలుగు చాపాలకు తొమ్మిది బిందువులు, రెండు చివరలకూ కలిపి 18 నియంత్రణ బిందువులు, వాటి భారాలు, ముక్కలు కలిసే చోట్లను చెప్పే నాట్ (knot) విలువలు అయిపోతుంది. అక్షం ఎక్కడ, వ్యాసార్థం ఎంత అన్నది ఎక్కడా రాసి ఉండదు. కావాలంటే వెతికి పట్టుకోవాలి. ఆ వెతుకులాట ఎప్పుడూ ఏదో ఒక అనుమతించిన తేడాకు, అంటే టాలరెన్స్‌కు లోబడి ఉంటుంది. తెలిసి ఉన్నదాన్ని చెరిపేసి మళ్లీ ఊహించడమే ఇది.

కచ్చితమైన నర్బ్స్ కాకుండా మామూలు త్రిఘాత బెజియే చాపాలతో వృత్తాన్ని దాస్తే నష్టం కొలవవచ్చు. అందరూ వాడే గుణకం 0.5523తో పావు వృత్తాన్ని గీస్తే వ్యాసార్థంలో గరిష్ఠ దోషం 0.027 శాతం. చిన్నదే అనిపిస్తుంది. 50 మిల్లీమీటర్ల బేరింగ్ రంధ్రాన్ని తీసుకోండి. వ్యాసంలో దోషం దాదాపు 0.0136 మిల్లీమీటర్లు, అంటే సుమారు 14 మైక్రాన్లు. ఆ పరిమాణంలో హెచ్7 ఫిట్‌కు అనుమతించే మొత్తం తేడా 25 మైక్రాన్లు. యంత్రం తిరగకముందే, టర్నర్ చెయ్యి పడకముందే, అనుమతిలో సగానికి పైగా ఫైలే తినేసింది. ఇక త్రిభుజాలతో దాచే ఎస్‌టీఎల్ ఫైలులో అదే వృత్తాన్ని 36 భుజాలుగా చేస్తే ప్రతి భుజం మధ్యలో 0.095 మిల్లీమీటర్లు లోపలికి పోతుంది. త్రీడీ ప్రింటర్‌కు అది చెల్లుతుందేమో గానీ బేరింగ్‌కు చెల్లదు.

కొలత ఒక్కటే కాదు, అర్థం కూడా పోతుంది. 8.5 మిల్లీమీటర్ల వ్యాసమున్న స్థూపాకార రంధ్రం కనిపించగానే అది ఎం10 మరకు వేసిన డ్రిల్ అని షాపులో పాతవాళ్లకు తెలుసు. యంత్రపు ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్ కూడా ముఖం ముఖం అడుగుతూ, స్థూపం దొరికితే దాని వ్యాసం చూసి డ్రిల్ ఎంచుకుంటుంది. ఓపెన్ క్యాస్కేడ్‌లో తలాన్ని నీ జాతి ఏమిటని అడిగే సౌకర్యం ఇందుకే ఉంది. స్థూపమని జవాబు వస్తే డ్రిల్, బీ-స్ప్లైన్ అని జవాబు వస్తే స్వేచ్ఛాతలం అనుకుని బాల్ కట్టర్‌తో గంటల తరబడి గీకుడు. ఆకారం ఒకటే, పేరు పోవడం వల్ల పని మారిపోయింది.

రెండు తలాలు కలిసే చోటు

గురువుగారు పాఠంలో చెప్పే గొట్టాల కూడలినే చూద్దాం. సమవ్యాసార్థంతో, అక్షాలు ఖండించుకునేలా ఉన్న రెండు స్థూపాల ఖండన రేఖ రెండు దీర్ఘవృత్తాలు. ఓపెన్ క్యాస్కేడ్ రెండు తలాల జాతినీ ముందు చూసుకుని, ఇలాంటి సందర్భాలకు సూత్రంతోనే కచ్చితమైన జవాబు ఇస్తుంది. సమతలం, స్థూపం కలిస్తే సందర్భాన్ని బట్టి వృత్తమో, దీర్ఘవృత్తమో, సరళరేఖలో వస్తాయి. ఇవన్నీ మనం చేత్తో గీసినవే.

స్వేచ్ఛాతలాలకు ఈ భాగ్యం లేదు. రెండు దిశల్లోనూ త్రిఘాతంగా ఉన్న తలాన్ని సమీకరణంగా రాస్తే దాని ఘాతం సాధారణంగా 18. అలాంటి రెండు తలాలు కలిసే వక్రం ఘాతం 324. దాన్ని కచ్చితంగా దాచుకునే దారి లేదు. కాబట్టి లైబ్రరీ అడుగు అడుగుగా ఖండన బిందువులను వెతికి, వాటి గుండా ఒక వక్రాన్ని సుమారుగా నడుపుతుంది. ఫలితంగా ఆ అంచుకు మూడు సాక్ష్యాలు తయారవుతాయి. త్రిమితిలో ఒక వక్రం, మొదటి తలం పరామితుల్లో ఒకటి, రెండో తలం పరామితుల్లో మరొకటి. మూడూ పూర్తిగా ఏకీభవించవు.

అప్పుడు నిజాయితీ కావలసివస్తుంది. ఓపెన్ క్యాస్కేడ్‌లో ప్రతి శీర్షానికీ, అంచుకూ, ముఖానికీ తనదైన టాలరెన్స్ ఉంటుంది. రెండు బిందువులు ఒకటేనా అని చూసే సామాన్య హద్దు కోటిలో ఒక వంతు, అంటే 0.0000001. కొలత మిల్లీమీటర్లలో ఉంటే అది నానోమీటర్‌లో పదో వంతు. సాక్ష్యాలు అంతకంటే ఎక్కువగా విభేదిస్తే అంచు తన టాలరెన్స్‌ను పెంచుకుని, నేను ఇంత మందమున్న గొట్టంలో ఎక్కడో ఉన్నానని ఒప్పుకుంటుంది. పరిశ్రమలో విస్తృతంగా వాడే పారాసాలిడ్ అనే జ్యామితి లైబ్రరీ వేరే దారి పట్టింది. వెయ్యి మీటర్ల పెట్టెను గీసుకుని, అందులో మీటరులో పది కోట్లవ వంతును మామూలు కచ్చితత్వంగా నిర్ణయించుకుంది. రెండు దారుల్లోనూ నీతి ఒకటే: ఎంత తెలుసో, ఎంత తెలియదో వస్తువు తనతో మోసుకుపోవాలి.

పుట్టుకను గుర్తుంచుకోవడం

జాతి తరువాత చెప్పవలసింది పుట్టుక. ప్లాస్టిక్ డబ్బాకు రెండు మిల్లీమీటర్ల గోడ కావాలంటే బయటి తలానికి సమదూరంలో లోపలి తలం కావాలి. స్థూపానికి ఆఫ్‌సెట్ స్థూపమే, వ్యాసార్థం మాత్రం మారుతుంది. గోళానికి గోళం, టోరస్‌కు టోరస్. బీ-స్ప్లైన్‌కు మాత్రం ఆఫ్‌సెట్ సాధారణంగా బీ-స్ప్లైన్ కాదు. అభిలంబాన్ని ఏకాంక సదిశగా మార్చేటప్పుడు వర్గమూలం వచ్చి చేరుతుంది, దాన్ని బహుపదుల నిష్పత్తిగా రాయలేం. ఓపెన్ క్యాస్కేడ్ ఇక్కడ సుమారు రూపానికి దిగకుండా, మూలతలాన్నీ దూరాన్నీ మాత్రమే దాచుకుని, అడిగినప్పుడు లెక్కగట్టి చెబుతుంది. దూరం వక్రతా వ్యాసార్థాన్ని దాటితే లోపలి తలం తనను తాను ముడివేసుకుంటుంది. మూలం చేతిలో ఉంటే ఆ ప్రమాదాన్ని ముందే పసిగట్టవచ్చు. రేపు గోడను రెండున్నర మిల్లీమీటర్లు చేయమంటే ఒక్క అంకె మారుతుంది.

ఈ జ్ఞాపకం ఎక్కువగా పోయేది ఒక వ్యవస్థ నుంచి మరో వ్యవస్థకు ఫైలు మారేటప్పుడు. 1994లో తొలి భాగాలు వెలువడిన ఐఎస్ఓ 10303, అంటే స్టెప్ ప్రమాణంలో, స్థూపతలానికి, శంఖుతలానికి, గోళానికి, టోరస్‌కు వేర్వేరు పేర్లున్నాయి. ప్రమాణం చోటిచ్చింది. పంపేవారు ఆ చోటును వాడకుండా సులువని అంతా బీ-స్ప్లైన్‌గా మార్చి పంపితే తప్పు ప్రమాణానిది కాదు. అందుకున్నవారు తెర మీద చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది. అర్థం ఎంత పోయిందో షాపులో తెలుస్తుంది.

విద్యార్థులకు, అధ్యాపకులకు

హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో, ఇంకా ఎన్నో చోట్ల మన యువతీ యువకులు విదేశీ విమాన, వాహన సంస్థల కోసం ప్రతిరోజూ క్యాడ్ నమూనాలతో పనిచేస్తున్నారు. మెనూలోని ప్రతి ఆదేశం వారికి కంఠోపాఠం. ఆ ఆదేశం వెనుక తలం ఎలా కూర్చుని ఉందో తెలిసినవారు అంతగా లేరు. ఆ తెలివిని మనం బయటి నుంచి కొనుక్కుంటున్నాం. ఇది నన్ను బాధించే విషయం, ఎందుకంటే కావలసిన గణితం మన పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ సిలబస్‌లోనే ఉంది. సదిశలు ఒక సెమిస్టర్‌లో, డ్రాయింగ్ ఇంకో సెమిస్టర్‌లో, ప్రోగ్రామింగ్ మరో సెమిస్టర్‌లో చెప్పి, మూడింటినీ ఒక బల్ల మీద పెట్టడం మాత్రం మానేశాం.

అధ్యాపకులకు మూడు అభ్యాసాలు సూచిస్తున్నాను. టోరస్ తలానికి బిందువును, మొదటి, రెండో అవకలనాలను ఇచ్చే క్లాసును విద్యార్థి చేత స్వయంగా రాయించండి. గోళం ధ్రువం దగ్గర అభిలంబం ఎందుకు చెడుతుందో అతని ప్రోగ్రాంలోనే చూపించి, సరిచేయించండి. ఒక యంత్రభాగాన్ని స్టెప్ ఫైలుగా పంపి, తిరిగి తెరిచి, లోపలికి వెళ్లిన స్థూపాలెన్ని, బయటికి వచ్చినవెన్ని అని లెక్కించే చిన్న ప్రోగ్రాం రాయించండి. ఉద్యోగంలో ఉన్నవారికి కూడా ఈ మూడోది పనికొస్తుంది. ఫైలు చేతులు మారిన ప్రతిసారీ ఆ లెక్క చూడటం ఒక నియమంగా పెట్టుకుంటే షాపులో పారేసే లోహం తగ్గుతుంది.

ద కాస్తెల్జో పని సిట్రోయెన్ బీరువాలో ఉండిపోయింది కాబట్టి ఎంతో కాలం ఆయన పేరు బయటికి రాలేదు. మన విద్యార్థులకు ఆ అడ్డంకి లేదు. ఓపెన్ క్యాస్కేడ్ సోర్స్‌కోడ్ తెరిచి ఉంది, చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. దోషం కనిపిస్తే సరిదిద్ది పంపవచ్చు.

అందుకే ధర్మనిధి నిర్వాహకులకు ఒక విన్నపం. ఏటా ఈ ఉపన్యాసంతో పాటు, స్వేచ్ఛగా లభించే ఏదైనా జ్యామితి లైబ్రరీలో ఒక దోషాన్ని కనిపెట్టి సరిదిద్దిన తెలుగు విద్యార్థికి గురువుగారి పేరిట ఒక బహుమతి ఇవ్వండి. సరిదిద్దిన ఆ కొద్ది పంక్తులు ప్రపంచంలో ఎక్కడెక్కడో తయారయ్యే భాగాల్లోకి చేరతాయి. డ్రాయింగ్ బోధనకు ఒక జీవితం ఇచ్చిన మనిషికి అంతకు మించిన స్మారకం నాకు తోచడం లేదు.